చెడిన డిస్కు

మన పూర్వుల యిండ్లలో విలువగల పత్రములకు భోషాణమని యొక చోటుండెడిది. దస్తావేజులు, జాతకములు, పద్దుపుస్తకములు, పెద్దల చేవ్రాతలు అన్నియు దానిలోనే యుండెడివి. తాటాకు గ్రంథములైనచో అప్పుడప్పుడు వెలికి దీసి, దుమ్ము దులిపి, నిమ్మగడ్డి నూనె పూసి, మరల కట్టగట్టి లోపల బెట్టుచుండిరి. చెదపురుగు, ఎలుక, వాన, నిప్పు అను నాలుగింటిని శత్రువులుగా నెరిగి, వానినుండి వ్రాతను కాపాడుకొనుట యింటి విద్యలలో నొకటియై యుండెను. ఇప్పుడు భోషాణము పోయినది. దాని స్థానమున అరచేతిలో నిముడు నల్లని పెట్టె యొకటి వచ్చినది. పెండ్లి ఛాయాచిత్రములు, పొలము పత్రముల నకళ్లు, పిల్లల మార్కుల పట్టికలు, గతించిన పెద్దల కంఠస్వరములు సైతము దానిలో చేరినవి. ఈ పెట్టెకు శత్రువులెవరో యెరిగినవారు మాత్రము మన యిండ్లలో మిక్కిలి తక్కువ. "కంప్యూటరులో నున్నదిలే" యను మాటను, శాసనము చెక్కించి గుడిగోడకు తాపించినంత ధైర్యముతో పలుకుచున్నారు.

మాకీ విషయమును గూర్చి వ్రాయవలెనని తోచుటకు కారణము మా వదినగారి డిస్కు. ఆమె గోదావరి జిల్లాలో ముప్పది యేండ్లు బాలికల పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవారు. 2011 మొదలు, సెలవు దొరకినప్పుడెల్ల కోనసీమ గ్రామములకును, మెట్ట పల్లెలకును పోయి, ముసలి స్త్రీలచేత పాటలు పాడించుకొని, చిన్న రికార్డరుమీద నెక్కించుకొని వచ్చుచుండిరి. దంపుళ్ల పాటలు, ఉయ్యాల పాటలు, అప్పగింతల పాటలు, ఊర్మిళాదేవి నిద్ర వంటి దీర్ఘమైన కథాగేయములు - మొత్తము 431. ఒక్కొక్కదానికి పాడినవారి పేరు, ఊరు, వయస్సు, పాట నెవరివద్ద నేర్చినదియు వ్రాసి యుంచిరి. ఆ పాడినవారిలో పెక్కుమంది యిప్పుడు లేరు.

ఈ పాటలు రెండు చోట్ల నుండెడివి. ఒకటి ఆమె డిస్కు. రెండవది యింటిలోని లాప్‌టాపు. 2021లో మనుమనికి ఆన్‌లైను చదువునకు యంత్రము కావలసి వచ్చినపుడు ఆ లాప్‌టాపును వానికప్పగించుచు, దానిలోని "పనికిరానివన్నియు" తుడిచి యిచ్చిరి. ఏవి పనికివచ్చునవి, ఏవి పనికిరానివి యని నిర్ణయించినది ఆమె కాదు. ఆమె నడుగనుకూడ లేదు. మనుమని బీజగణితమునకు చోటు కావలసియుండగా అమ్మమ్మ పోగుచేసిన దంపుళ్ల పాటలు తొలగుట సహజమే కదా యని యిల్లంతయు భావించెను. ఇట్లు రెండు ప్రతులొక ప్రతియైనవి. ఒక ప్రతి యున్నదనగా, కంప్యూటరు పనివారి లెక్కలో, లేనట్లే.

డిస్కు చెడుట యను మాటను మనవారు రెండు వేరు వేరు విషయములకు వాడుచున్నారు గనుక, ఇచ్చట కొంచెము వివరింపవలసియున్నది.

మొదటిది, పొరపాటున ఫైలు తుడిచివేయుట. ఇది చూచుటకు ఘోరముగా నున్నను వాస్తవమునకు తేలికయైన జబ్బు. గ్రంథమునకు ముందు విషయసూచిక యున్నట్లే డిస్కులోను సూచిక యొకటి కలదు. ఫలాని ఫైలు ఫలాని చోట నున్నదని దానిలో వ్రాసియుండును. మనము తుడువుమని చెప్పినపుడు యంత్రము ఆ సూచికలోని పంక్తిని మాత్రము కొట్టివేయును. లోపలి పుటలు అట్లే యుండును. పాత ఫ్యాటు పద్ధతిలోనైతే పేరులోని మొదటి అక్షరమును మార్చి, ఆ చోటు ఖాళీ యని వ్రాసికొని యూరకుండెడిది. కనుక ఆ చోట మరియొకటి వ్రాయబడకముందు పని నాపి, ఫోటోరెక్కు, టెస్టుడిస్కు వంటి ఉచిత సాధనములతో వెదకినచో తరచు దొరకును. అయితే ఆ చోట క్రొత్త వ్రాత యొక్కసారి పడెనా, ఇంక దాని ననుసరించుట వృథా. ఒకప్పుడు, పైవ్రాత క్రింద పాతవ్రాత జాడ మిగులుననియు, సూక్ష్మదర్శినులతో దానిని చదువవచ్చుననియు వాదముండెను. 2008 డిసెంబరులో మన హైదరాబాదుననే జరిగిన సమాచారభద్రతా సభలో సమర్పింపబడిన పరిశోధన, నేటి డిస్కులపై ఒక్కసారి పూర్తిగా వ్రాసినను పాతది మరల కూర్చుటకు వీలుపడదని చూపినది.

ఈ సందర్భమున నొక వింత చెప్పకుండ ముందునకు పోలేము. 2003లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు వాడి అమ్మివేసిన 158 పాత డిస్కులను కొని పరీక్షించి వ్యాసము ప్రకటించిరి. సరిగా తుడిచినవి వానిలో 12 మాత్రమే. తక్కినవానిలో జనుల వైద్యవిషయములు, బ్యాంకు కార్డుల సంఖ్యలు, ప్రేమలేఖలు పడియున్నవి. మనకు కావలసినది పోవుచున్నది; పోవలసినది పోక కూర్చున్నది. పాత లాప్‌టాపును పాతసామాను బండికి తూచి యిచ్చు గృహస్థులు ఈ సంగతిని కొంచెము తలచుకొనవలెను.

రెండవది నిజమైన జబ్బు. అనగా యంత్రమే దెబ్బతినుట. మా వదినగారి డిస్కునకు పట్టినది యిదియే.

హార్డుడిస్కు లోపల నున్నది గాజుతోనో అల్యూమినియముతోనో చేసిన పళ్ళెములు. వానిపై అయస్కాంత గుణముగల అతిసన్నని కోబాల్టు మిశ్రలోహపు పూత, దానిపై కర్బనపు పొర, దానిపై నూనె జిడ్డువంటి మరియొక పొర. ఆమె డిస్కులో రెండు పళ్ళెములు. వానికి నాలుగు ముఖములు. ఒక్కొక్క ముఖమునకు చదువుటకును వ్రాయుటకును ఒక్కొక్క శిరస్సు. పళ్ళెము నిమిషమునకు 5,400 సారులు తిరుగును. దాని అంచుమీద నొక చీమ కూర్చుండగలిగినచో, అది గంటకు అరువది కిలోమీటర్లకు మించిన వేగముతో పోవుచున్నట్లు లెక్క. ఆ వేగమున పుట్టిన గాలిమీద శిరస్సు తేలుచు, పళ్ళెమును తాకక, కొన్ని నానోమీటర్ల యెత్తున నిలుచును. మన తలవెంట్రుక మందము సుమారు 80,000 నానోమీటర్లు. కావున సిగరెట్టు పొగలోని నలుసు సైతము దానికి కొండరాయి. లోపల శూన్యమనుకొనువారు కలరు. అది నిజము కాదు. మామూలు డిస్కులలో గాలియే యున్నది, ఆ గాలి వడపోసిన గాలి; అంతియే.

1956లో ఐ.బి.యం. సంస్థ సాన్ హోసేలో సిద్ధపరచిన మొదటి డిస్కు యంత్రమునకు రెండడుగుల వ్యాసముగల పళ్ళెములు 50 ఉండెడివి. అది యొక టన్ను బరువు తూగుచు, 50 లక్షల అక్షరములను మాత్రము భద్రపరచెడిది. మా వదినగారి నల్లపెట్టె అంతకు రెండు లక్షల రెట్లు పట్టును. మన తెలుగు లిపిలోని యొక్కొక్క గుర్తునకు ఇంగ్లీషు అక్షరమునకు పట్టినదానికి మూడురెట్ల చోటు పట్టునన్న సంగతిని కలుపుకొన్నను, మన సాహిత్యమంతయు దానిలో నొక మూలకు సరిపోవును. ఇంత సన్నగా వ్రాయబడిన వ్రాతను చదువుటకు తోడ్పడిన అయస్కాంతనిరోధ రహస్యమును 1988లో కనుగొన్నందులకే ఆల్బెర్ ఫెర్, పీటర్ గ్రున్‌బెర్గు అను నిద్దరికి 2007లో భౌతికశాస్త్రపు నోబెలు బహుమాన మిచ్చిరి. ఇంతటి విద్య యిమిడియున్న వస్తువును మనము దూరదర్శనము ప్రక్క, పాలప్యాకెట్ల చిల్లర డబ్బాతో కలిపి యుంచుచున్నాము.

ఒకనాటి యుదయమున ఆమె డిస్కును తగిలింపగా, వాడుటకు ముందు దీనిని ఫార్మాటు చేయవలెనని తెర పలికెను. ఎందరో గృహస్థులు ఈ మాటను వైద్యుని యాజ్ఞగా తలచి, సరే యని నొక్కుచుందురు. యంత్రమునకు సూచిక చదువరాలేదు. చదువరాని పుస్తకమును తెల్లకాగితముగా నెంచి క్రొత్తసూచిక వ్రాయుదునా యని యడుగుచున్నది. దాని యర్థమంతే. మా వదినగారు నొక్కలేదు. తీసి ప్రక్కన బెట్టిరి. అయితే మా అన్నగారు సాయంకాలమునకు దానిని జేబులో వైచుకొని, బజారులో కంప్యూటర్లు బాగుచేయు నొక యంగడికి పట్టుకొనిపోయిరి. ఆ యంగడివాడు రాత్రియంతయు డిస్కును తిరుగనిచ్చి, ఏదో సాఫ్టువేరుతో వెదకించెను. తెల్లవారుసరికి డిస్కునుండి గడియారపు లోలకమువలె టక్కు టక్కుమను చప్పుడు వచ్చుచుండెను.

ఈ చప్పుడు శిరస్సు తన త్రోవను వెదకుకొనుచు, కానక, మరల మొదటికి పోయి కొట్టుకొనుచున్న చప్పుడు. అది వినబడిన క్షణమున విద్యుత్తు తీసివేయుట తప్ప ఇంటివారు చేయదగినదేమియు లేదు. దెబ్బతిన్న శిరస్సు పళ్ళెముపై నీడ్చుకొనిపోయినచో ఆ పూత లేచిపోవును. పూతతోబాటు వ్రాతయు లేచిపోవును. ఆ పొడిని తిరిగి చదువగల విద్య లోకమున లేదు. ఇంత తెలియక అంగడివాడు, ఇంకొక రాత్రి యుంచినచో వచ్చునని చెప్పెను. అంతటితో నాగక, మూత విప్పి చూతునని ఫ్యాను క్రింద కూర్చుండి స్క్రూలు తీయబోవుచుండగా మా వదినగారు పోయి, "బాబూ, ఆ పెట్టె నిట్లియ్యి. విప్పవద్దు" అని తీసికొని వచ్చిరి. ఆ విద్య ఆమెకెట్లు తెలిసినదని మేమడిగితిమి. "పాఠశాలలో కంప్యూటరు గదికి తాళము నాయొద్దనే యుండెడిది కదా, మరిదిగారూ. పన్నెండేండ్లు మరమ్మతుకు వచ్చినవారిని చూచుచునే యుంటిని" అనిరి.

ఇట్టి సమయమున బంధువులు చెప్పు వైద్యములకు అంతములేదు. డిస్కును ఫ్రిజ్జులో నొకరాత్రి యుంచుమని యొకరు. బల్లపై మెల్లగా తట్టుమని యొకరు. అడుగుననున్న పచ్చని పలకను మాత్రము మార్చినచో సరిపోవునని యింజనీరగు నొక మేనల్లుడు. ఫ్రిజ్జులోనుంచి తీసిన ఊరగాయ జాడీకి చెమ్మ పట్టుట ప్రతి యిల్లాలెరుగును. ఆ చెమ్మ పళ్ళెముమీద పట్టిన గతియేమి? పలక మాట కొంత నిజము కలది. ఒకప్పటి డిస్కులలో నట్లు మార్చిన పని జరిగెడిది. ఇప్పటి డిస్కులలో ఆ పలకమీది చిన్న చిప్పులో, ఆ డిస్కు శిరస్సులకే చెందిన కొలతలు కర్మాగారమున వ్రాసి యుంచుదురు. ఒకరి కండ్లజోడు మరియొకరికి పెట్టినట్లు, ఆ చిప్పును మార్చకుండ పలకను మార్చిన ఫలము లేదు.

హైదరాబాదున ఇట్టి పనిచేయు నొక ప్రయోగశాలవారిని విచారింపగా, 38,000 రూపాయలగుననియు, ఏమియు దొరకనిచో రుసుము తీసికొనమనియు చెప్పిరి. ఇంట చర్చ మొదలయ్యెను. చదువరులు మన్నింతురుగాక, ఈ చర్చయే మాకు డిస్కుకంటె ముఖ్యముగా దోచినది.

మా అన్నగారు దుర్మార్గులు కారు. స్త్రీవిద్యను గూర్చి సభలలో చక్కగా మాటలాడగలవారు. కాని, "పాటలకా ముప్పదియెనిమిది వేలు? అవి యెవరైన అచ్చువేసిన పుస్తకములలో నుండనే యుండును" అనిరి. ఉండవని ఆమె చెప్పెను. అచ్చులో నున్న ఊర్మిళాదేవి నిద్రకును, ఈమె యెక్కించుకొనిన పాఠమునకును చరణములు చరణములే భేదమున్నవనియు, ఒక ముసలమ్మ అత్తవారింటి బాధను ఊర్మిళ నోట బెట్టి తానే పది చరణములు కట్టి చేర్చినదనియు, అది వ్రాతలో నెక్కడను లేదనియు చెప్పెను. "అట్లయిన ఆ సంగతిని వ్యాసముగా వ్రాసియుండవలసినది" అని సమాధానము. ఆరునెలల క్రిందట మా అన్నగారి షష్టిపూర్తికి మంటపపు పూలకు మాత్రమే ఇంతకు మించి యిచ్చిరి. ఆ పూలు సాయంకాలమునకు వాడినవి. ఈ మాటను మేమనలేదు. వారి కోడలు అన్నది. ఆ పిల్ల ఆ మాట అన్నంతకాలము ఆ యింట నిలువబడునని మాకు నమ్మకము కలిగినది.

తిరుమలలో తాళ్లపాకవారి సంకీర్తనములను రాగిరేకులమీద చెక్కించి, భాండారములో దాచిరి. అన్నమాచార్యుడు 32,000 సంకీర్తనములు రచించెనని చెప్పుదురు. దొరకినవి అందు సగమునకు లోపే. అయినను అన్ని వేల పాటలు నాలుగువందల యేండ్లు చీకటిలో నుండి మరల వెలుగు చూచుటకు రాగిరేకే కారణము. కవికి రాగిరేకు దొరకినది. రోకలి చేతబట్టి పాడినదానికి తాటాకైనను దొరకలేదు. ఆమె పాట కూతురి నోటిలోను, కోడలి నోటిలోను మాత్రము నిలిచినది. వడ్లమర వచ్చి రోకలి మూలబడగా ఆ నోరును మూతబడినది. ఇట్టి స్థితిలో విశ్రాంత ఉపాధ్యాయిని యొకర్తె తన బస్సు టిక్కెట్టునకు తానే యిచ్చుకొని పదమూడేండ్లు తిరిగి పోగుచేసినదానికి విలువ యెంతయని యింటివారు లెక్కవేయుచుండిరి. ఆమె ఆ లెక్క ముగియువరకు నుండలేదు. తన పింఛనులోనుండి బ్యాంకున తీసికొని, "మీరు తోడు రాగలరా" యని మమ్మడిగిరి. ఆ రాత్రి రైలులోనే పోతిమి.

ప్రయోగశాలలో మాతో మాటలాడినది ఇరువదియారేండ్ల యువతి. ఆమెయే డిస్కు విప్పుపని చేయునదని తెలిసినపుడు మా వదినగారి ముఖము వికసించెను. ఆ యువతి పత్రము పూర్తిచేయించుచు, ఏమేమి ముందుగా కావలెనో వరుసగా వ్రాయుమనెను. మా వదినగారు వ్రాయకముందు వేరొక ప్రశ్న వేసిరి: "ఇందులోనిది మీలో నెవరెవరు వినెదరు?"

ఈ ప్రశ్నకు కారణము కలదు. పాట ముగిసిన పిమ్మట ఆ పల్లె స్త్రీలు ఊరకుండువారు కారు. రికార్డరు తిరుగుచుండగనే తమ కష్టములు చెప్పుకొనెడివారు. భర్త కొట్టుట, కొడుకులు భూమి వ్రాయించుకొనుట, బాల్యమున జరిగిన పెండ్లి. ఎవరికిని చెప్పనివి ఈమెకు చెప్పిరి. అవి యెవరి చెవినైన పడినచో ఆ యూళ్లలో బ్రతుకలేనివారు కొందరుండిరి. బజారులోని యంగడివాడైతే, వచ్చినదో లేదో చూచుటకని కొన్ని ఫొటోలను తన యంత్రములోనికి దించుకొని యుండెను. వానిని తన యెదుట తుడిపించుటకు మా వదినగారు రెండుమారులు ఆ యంగడికి నడువవలసి వచ్చినది. వ్యక్తుల సమాచారమును గూర్చి 2023లో మన పార్లమెంటు చట్టము చేసినది. ఆ యంగడివానికి అట్టి చట్టమొకటి యున్నదనియే తెలియదు. హైదరాబాదువారు మాత్రము, ఫైలు తెరచుకొనుచున్నదా లేదా యని చూచుటకు మించి వినబోమనియు, పని ముగిసిన నెలదినములకు తమ ప్రతిని తుడిచివేయుదుమనియు కాగితముమీద వ్రాసియిచ్చిరి. ఆ కాగితమును ఆమె డిస్కు రసీదుకంటె భద్రముగా మడిచి పెట్టుకొనిరి.

తరువాతి పనిని ఆ యువతి చెప్పగా విన్నంతవరకు వ్రాయుచున్నాము. దుమ్మును వడగట్టిన గాలి నిరంతరము ప్రవహించు బల్లపై మూత విప్పిరి. నాలుగు శిరస్సులలో నొకటి వంగియున్నది. అదే నమూనాకు చెందిన, దాదాపు అదే కాలమున తయారైన మరియొక డిస్కు కావలెను. దానినుండి శిరస్సుల గుత్తిని తీసి దీనికమర్చవలెను. దానిని వారు దాత యందురు. కన్నులు దానముచేసిన పుణ్యాత్ముని జ్ఞప్తికి తెచ్చు ఆ పేరు మాకు నచ్చినది. దాత కొరకు వారము పట్టినది. కడకు సికింద్రాబాదున చెనాయ్ ట్రేడు సెంటరు అంగళ్లలో నొక పాతడిస్కు దొరకినది.

శిరస్సులు మార్చినంత మాత్రమున పని ముగియలేదు. దాత శిరస్సులు క్రొత్త యింట ఎంతకాలము పనిచేయునో యెవరును చెప్పలేరు. కావున ముందు సులువైన చోట్లు చదివి వేరొక మంచి డిస్కులోనికి ప్రతి దింపుకొందురు. కష్టమైన చోట ఆగి కుస్తీపట్టక, దాటి ముందునకు పోయి, కడపట తిరిగివత్తురు. ఉచితముగా దొరకు డీడీరెస్క్యూ యను సాధనమును ఈ సూత్రముమీదనే కట్టినారు. ఎక్కడ చదివినదియు, ఎక్కడ మిగిలినదియు పటము వ్రాసికొనుచు పోవును. పరీక్షలో తెలిసిన ప్రశ్నలకు ముందు జవాబు వ్రాయుమని మా వదినగారు పిల్లలకు చెప్పెడి మాట యిదియే. చెడిన డిస్కుమీద నేరుగా వెదకులాట పెట్టక, ముందు ప్రతి దింపి, ప్రతిమీద వెదకవలెను. మా బజారు అంగడివాడు చేసినది సరిగా దీనికి వ్యతిరేకము.

మేము అధైర్యపడుచుండుట చూచి ఆ యువతి కొలంబియా కథ చెప్పెను. మన కల్పనా చావ్లా మొదలుగా నేడుగురు 2003 ఫిబ్రవరి 1న కొలంబియా వ్యోమనౌకతోబాటు ఆకాశమున భస్మమైరి. ఆ నౌకలో జీనాన్ వాయువు యొక్క చిక్కదనమును గూర్చిన ప్రయోగమొకటి యుండెను. దాని ఫలితములున్న డిస్కు 340 మెగాబైట్లది. కాలి, కరగి, టెక్సాసు నేలపై బడి దొరకినది. చూచినవారికది లోహపు ముద్ద. అయినను పళ్ళెములమీది పూత నిలిచియుండుటచేత, దానిలోని వ్రాతలో నూటికి 99 వంతులు తిరిగి చదువగలిగిరి. ఆ ప్రయోగ ఫలితము 2008లో శాస్త్రపత్రికలో ప్రకటింపబడినది. అదే నౌకలో దొరకిన వేరు డిస్కులనుండి మాత్రము ఏమియు రాలేదు. ఆకాశమునుండి పడినది బ్రతికినది. రాత్రియంతయు అంగడి బల్లపై తిరిగినది గాయపడినది.

మరియొక కథయు ఆమెయే చెప్పెను. 1998లో అమెరికాలో పిక్సారు సంస్థవారు టాయ్ స్టోరీ యను బొమ్మల చిత్రమునకు రెండవ భాగము సిద్ధపరచుచుండగా, పొరపాటున ఇచ్చిన యొక ఆజ్ఞచేత చిత్రములో చాలభాగము యంత్రములనుండి తుడిచిపెట్టుకొనిపోయినది. వారు నమ్ముకొన్న ప్రతియు సరిగా లేదు. గేలిన్ సుస్మన్ అను నామె పసిబిడ్డ తల్లియగుటచే ఇంటినుండి పనిచేయుచుండెను గనుక, ఆమె యింటి కంప్యూటరులో ప్రతి యొకటి యుండెను. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చుకొనిరి. తల్లియైన స్త్రీని ఉద్యోగమునుండి తొలగింపక యింటనుండి పని చేయనిచ్చిన లాభమును లెక్కవేయువారు ఈ సంగతినికూడ లెక్కలో వేసికొనవచ్చును.

చలనము లేని క్రొత్తరకపు ఎస్.ఎస్.డి. డిస్కులు వచ్చినవి గనుక ఈ బాధలు తీరినవని కొందరు చెప్పుచున్నారు. వానిలో టక్కుటక్కుమను చప్పుడు లేదు, నిజమే, హెచ్చరికయు లేదు. తుడిచిన ఫైలు చోటును యంత్రమే తీరికగా శుభ్రము చేసికొనును గనుక, తుడిచినది తిరిగివచ్చు ఆశ మరింత తక్కువ. విద్యుత్తు లేక యేండ్లతరబడి బీరువాలో నుంచిన లోపలి విద్యుదంశము మెల్లమెల్లగా జారిపోవచ్చును. ఇవి పని చేయుటకు మంచివి, భోషాణమునకు పనికిరావు.

ఇరువది మూడు దినములకు ఫలితము వచ్చినది. మూడు ముఖములు నిండుగా చదువబడినవి. నాలుగవ ముఖమున, అంచుకు దగ్గరగా, సన్నని వలయముగా గీత పడియున్నది. అద్దముమీద వజ్రముతో గీచినట్లున్నదని ఆ యువతి ఫొటో చూపెను. 431 పాటలలో 402 చెక్కుచెదరక దొరకినవి. పండ్రెండు నడుమ నడుమ తెగినవి. పదునేడింటికి పేరు మాత్రము మిగిలినది, తెరచిన నిశ్శబ్దము. ఊర్మిళ నోట అత్తవారింటి బాధ చెప్పించిన ముసలమ్మ పాట తెగిన పండ్రెండింటిలో నున్నది. ఆమె చేర్చిన పది చరణములలో ఏడు నిలిచినవి. ఆమె 2019లో గతించినది.

మా వదినగారు ఆ ఏడు చరణములను రైలులో చెవికి తగిలించుకొని వినుచు వచ్చిరి. రాజమహేంద్రవరము దాపునకు వచ్చినపుడు, మిగిలిన మూడును తనకు జ్ఞాపకమున్నవేమో చూతునని కాగితము తీసిరి. ఒక చరణము పూర్తిగాను, మరియొకటి సగముగాను వచ్చినది. తాను పూరించిన మాటలక్రింద గీత గీసి, ఇవి నావి కావచ్చునని ప్రక్కన వ్రాసిరి.

ఇప్పుడు పాటలు మూడు చోట్ల నున్నవి. ఒకటి ఆమె బీరువాలో. ఒకటి అమలాపురములో మా చెల్లెలి యింట. ఒకటి ఆ కోడలు తన పేర కట్టిన ఖాతాలో, దూరపు కంప్యూటర్లమీద. స్త్రీలు చెప్పుకొనిన కష్టములను మాత్రము విడదీసి, తాళమువేసిన వేరొక ఫైలులో పెట్టిరి; దాని సంకేతపదము ఆమెకును ఆ కోడలికిని తెలియును. ప్రతి సంక్రాంతికిని ఒక్కొక్క ప్రతిని తెరచి, నాలుగైదు పాటలు విని చూచెదరట. మా అన్నగారు రుసుము మాట మరల నెత్తలేదు. ఒకనాడు మేము పోయినపుడు, తెగిన పాటల పట్టికను శుభ్రముగా వ్రాసిపెట్టుచుండిరి. వారి దస్తూరి ఆమె దస్తూరికంటె గుండ్రన.

పేరు మాత్రము మిగిలిన పదునేడు పాటలకు పాడినవారిలో నలుగురు జీవించియున్నారని విచారణలో తెలిసినది. మా వదినగారు ఈ నెలలో ఇద్దరి యూళ్లకు పోయివచ్చిరి. ముమ్మిడివరము దగ్గరి పల్లెలో నొకామె పాట నంతయు తిరిగి పాడినది. ఈమారు రెండు చరణములెక్కువ. రెండవయామెకు పాట గుర్తులేదు, పాడినట్లును గుర్తులేదు. ఆమె మనుమరాలు కొంత యెరుగుననియు, కాకినాడలో నర్సు పని చేయుచున్నదనియు, ఆదివారములందు తీరిక యుండుననియు చెప్పి, ఫోను నంబరు వ్రాసియిచ్చిరి.